బొత్తాం మీది బొమ్మ

గోడకి తగిలించిన రవివర్మ పటం గురించి నాలుగు మాటలు చెప్పమంటే మనలో చాలామంది తడుముకోకుండా చెబుతాం. రంగులు బాగున్నాయంటాం, మొహంలో కళ ఉందంటాం, ఆ చెయ్యి కాస్త పొడుగైందేమో అని కూడా అంటాం. కానీ కంప్యూటరు తెర మీద రోజుకి ఎన్నిసార్లు నొక్కుతామో లెక్కలేని ఆ చిట్టి బొమ్మలున్నాయే... కత్తెర, పెన్సిలు, చెత్తబుట్ట, ఫ్లాపీ... వాటి బాగోగులు ఎవరైనా మాట్లాడుకోగా విన్నారా? నేనైతే వినలేదు. చిత్రకారులకి అవి మరీ చిన్నవి. ఇంజనీర్లకేమో, బొమ్మలే కదా అన్న చులకన. ఇద్దరి మధ్యా పడి విమర్శకు నోచుకోకుండా పోయాయి పాపం!

విమర్శించాలంటే ఒక కొలబద్ద కావాలి కదా. నాకు తోచిన కొలబద్ద ఇది. బొత్తాం అన్నాక నొక్కితే ఏదో ఒక పని జరగాలి. అంటే బొత్తాం క్రియ. బొమ్మ మాత్రం ఎప్పుడూ ఒక వస్తువునే చూపిస్తుంది. అంటే నామవాచకం. కత్తెర బొమ్మ చూసి మనం "కత్తిరించు" అని చదువుకోవాలి. చెత్తబుట్ట చూసి "పారెయ్యి" అని చదువుకోవాలి. వస్తువు మీంచి పని మీదికి మన మనసు ఒక చిన్న గెంతు గెంతాలన్నమాట. ఆ గెంతు మనకి తెలియకుండానే జరిగిపోతే అది మంచి బొమ్మ. కాలవ ఒడ్డున నిలబడి దాటగలమా లేదా అని తటపటాయించినట్టు ఆగిపోతే, ఎన్ని రంగులద్దినా అది చెడ్డ బొమ్మే.

ఈ విద్యలో పేరెన్నికగన్న మనిషి ఒక స్త్రీ అని తెలిసినప్పుడు, చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. ఆవిడ పేరు సూసన్ కేర్. అమెరికా ఆవిడ. ఐకాన్లు ఆవిడతోనే పుట్టాయని అనడం లేదు. 1981లో జిరాక్స్ కంపెనీ వారు స్టార్ అనే యంత్రాన్ని తెచ్చినప్పుడే దాని తెర మీద కాగితమూ, ఫైలూ, ఉత్తరాల బుట్టా బొమ్మలై కనిపించాయి. వాటిని గీసింది నార్మ్ కాక్స్ అనే ఆయన. ఇప్పుడు మన ఫోన్లలో ఏదో మూల కనబడే మూడు అడ్డగీతలు కూడా ఆయన చలవే. అయితే ఆ బొమ్మలు ఆఫీసు గుమాస్తాల్లా బిగుసుకుని ఉంటాయి. వాటికి నవ్వు నేర్పింది మాత్రం కేర్.

ఆవిడ చదివింది కంప్యూటర్లు కాదు. కళల చరిత్ర చదివి, 1978లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. పాత స్నేహితుడు ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్, ఆపిల్ కంపెనీ మెకింటాష్ కోసం బొమ్మలు కావాలని ఫోను చేసేటప్పటికి ఆవిడ ఆర్కన్సా రాష్ట్రంలోని ఒక మ్యూజియం కోసం ఇనుముతో అడవిపంది విగ్రహాన్ని అతుకుతున్నారట. సన్న గళ్ళ కాగితం కొనుక్కుని, 32 గళ్ళు అడ్డం, 32 గళ్ళు నిలువు గీసుకో, ఏ గడి నల్లన ఏ గడి తెల్లన అన్నదే నీ పని అని ఆయన చెప్పారు. మొత్తం 1024 గళ్ళు. ఊదారంగు లేదు, బూడిదరంగు లేదు, మధ్యస్తంగా ఏదీ లేదు.

ఇది వినగానే మీకేం గుర్తొచ్చింది? నాకు మ్యాటీ గుడ్డ గుర్తొచ్చింది. దారాలు లెక్కపెట్టుకుంటూ క్రాస్ స్టిచ్‌లో చిలకనో గులాబీనో కుట్టిన ప్రతి ఆడపిల్లకీ ఈ కష్టం తెలుసు. చిలక ముక్కు వంపు తిరగాలి, గళ్ళేమో చతురస్రాలాయె! ఎక్కడ ఒక గడి వదిలెయ్యాలో, ఎక్కడ కలపాలో అన్నదే పనితనం. కేర్‌కి కూడా ఈ దారాలు లెక్కపెట్టే కుట్టు వాళ్ళమ్మ నేర్పించారట. లక్షల మంది చూసిన ఆ బొమ్మల వెనక ఒక తల్లి కుట్టుపని ఉందంటే, వారపత్రికల్లో గళ్ళ డిజైన్లు కత్తిరించి దాచుకున్న మన అమ్మల మీద నాకు గౌరవం మరో రెండింతలు పెరిగింది.

1984లో మెకింటాష్ వచ్చింది. దానితోపాటు బిల్ అట్కిన్సన్ తయారు చేసిన బొమ్మలేసుకునే మాక్‌పెయింట్ ప్రోగ్రాం వచ్చింది. అందులో ఒక బొత్తాం మీద రంగు డబ్బా ఒంపుతున్నట్టు ఉంటుంది. ఆ డబ్బా నిలువుగా పెట్టి ఉంటే? "ఇదొక డబ్బా" అనుకుని ఊరుకుంటాం. కాస్త వంచి, అంచు నుంచి రంగు జారుతున్నట్టు చూపించేసరికి "పొయ్యి" అనే క్రియ అయిపోయింది. నామవాచకాన్ని క్రియ చెయ్యడానికి ఆవిడకి పట్టింది ఆ కాస్త వంపే! కథలు రాసుకునేదాన్ని కనక నాకు ఈ పొదుపు మీద అసూయ కూడా కలిగింది. మేం ఒక మనిషి నడకని చెప్పడానికి పేజీ ఖర్చు పెడతాం.

ఇంకొకటుంది. మెకింటాష్ మీటల పలకలో ఒక మీట మీద మొదట ఆపిల్ పండు గుర్తే పెట్టారు. తెర మీద మెనూల నిండా పళ్ళే కనబడుతున్నాయని స్టీవ్ జాబ్స్ విసుక్కున్నారు. కేర్ గుర్తుల నిఘంటువొకటి తిరగేసి, స్వీడన్‌లో చూడదగ్గ ప్రదేశాల దగ్గర పెట్టే గుర్తుని ఏరుకొచ్చారు. నాలుగు మూలలా నాలుగు మెలికలున్న చతురస్రం. మన వాకిట్లో వేసే మెలికల ముగ్గులోంచి ఒక ముక్క తీసి పెట్టినట్టే ఉంటుంది. అది ఏ వస్తువూ కాదు. అందుకేనేమో, నలభై ఏళ్ళు దాటినా పాతబడలేదు.

అలాగని ఆ మెకింటాష్ బొమ్మలన్నిటికీ నేను హారతి పట్టను. చెత్తబుట్ట సంగతే చూడండి. అనవసరమైన కాగితాన్ని అందులోకి లాగి పడేస్తే పోతుంది. బాగుంది. కానీ యంత్రంలో పెట్టిన ఫ్లాపీని బయటికి తీసుకోవాలన్నా దాని బొమ్మని ఆ చెత్తబుట్టలోకే లాగాలని పెట్టారు! నెల రోజులు చేసిన పని ఉన్న ఫ్లాపీని చేతులారా చెత్తలోకి లాగడానికి ఎవరికి మనసొప్పుతుంది? బొమ్మలో తప్పు లేదు, బొమ్మకి అప్పగించిన రెండో పనిలో తప్పుంది. దీన్ని దిద్దుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. తర్వాతి మెకింటాష్‌లలో డిస్కుని లాగుతుంటే చెత్తబుట్ట కాస్తా మాయమై "బయటికి తియ్యి" గుర్తు కనబడేట్టు మార్చారు. యంత్రం మొరాయించినప్పుడు కనబడే బాంబు బొమ్మ కూడా అంతే. అది ఎవరికీ కనబడేది కాదులే అన్న ధీమాతో గీయించుకున్నారు. కనబడింది. ఒత్తు పెట్టి వెలిగించిన బాంబుని ఎదురుగా చూసిన మనిషికి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సరే, ఇది మహారచన సంగతి. ఇప్పుడు మామూలు రచయితల దగ్గరికి వద్దాం. 1991లో మైక్రోసాఫ్ట్ వారి విజువల్ బేసిక్, 1995లో బోర్లాండ్ వారి డెల్ఫీ వచ్చాక, సొంత బొమ్మల బొత్తాం తయారు చెయ్యడం ఎవరి చేతిలోనైనా పని అయిపోయింది. అమీర్‌పేటలో కొన్ని నెలల కోర్సు చేసిన కుర్రాళ్ళు మందుల షాపుకీ, బట్టల కొట్టుకీ బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసి, వాటి నిండా రంగురంగుల బొత్తాలు అతికించిన రోజులవి.

ఈ తయారీ వినడానికి సరదాగా ఉంటుంది. బొత్తానికి ఒక బొమ్మ సరిపోదు. ఊరికే ఉన్నప్పుడు ఒక మొహం, మౌస్ బాణం మీదికి వస్తే ఇంకో మొహం, నొక్కినప్పుడు ఒకటి, నొక్కడానికి వీల్లేనప్పుడు వెలవెలబోయిన బూడిదరంగు మొహం ఒకటి. డెల్ఫీలో అయితే ఇలాంటి నాలుగు మొహాలదాకా పక్కపక్కనే ఒకే పటంగా గీసి ఇవ్వచ్చు. వెలుగు ఎప్పుడూ ఎడమ పైమూల నుంచి పడాలని విండోస్‌లో ఒక ఆనవాయితీ. కాబట్టి పై అంచు, ఎడమ అంచు తెల్లగా, కింది అంచు, కుడి అంచు నల్లగా గీస్తే బొత్తాం ఉబ్బెత్తుగా కనబడుతుంది. నొక్కినప్పుడు ఆ నలుపు తెలుపులు తారుమారు చేసి, బొమ్మని ఒక్క చుక్క కిందికీ ఒక్క చుక్క కుడికీ జరిపితే లోపలికి దిగినట్టు భ్రాంతి. వేలు ఏదీ తాకలేదు, ఏదీ కదలలేదు, అయినా "నొక్కాను" అన్న తృప్తి కలుగుతుంది. ఈ చిన్న కనికట్టు నాకు ఎంతో ఇష్టం. దీన్ని చెయ్యకుండా వదిలేసిన బొత్తాన్ని నొక్కితే, పిలిచినా పలకని మనిషి ముందు నిలబడ్డట్టుంటుంది. నొక్కుడు పడిందో లేదో తెలియక ఇంకోసారి నొక్కుతాం. బిల్లు రెండుసార్లు వస్తుంది!

డెల్ఫీలోనే ఒక తమాషా ఉంది. బొమ్మకి ఎడమ పక్క కింది మూల గడిలో ఏ రంగుంటే, ఆ రంగు బొమ్మ మొత్తంలో ఎక్కడున్నా పారదర్శకమైపోతుంది. బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని మాయం చెయ్యడానికి పెట్టిన ఉపాయమది. ఈ సంగతి తెలియక తెల్ల కాగితం మీద తెల్ల చొక్కా మనిషిని గీసిన కుర్రవాడికి, చొక్కా స్థానంలో వెనకాల బూడిదరంగు కనబడుతుంది. మూలనున్న ఒక్క గడి మనిషి చొక్కా విప్పించేసిందన్నమాట.

ఇంతవరకూ ఫరవాలేదు. అసలు బాధ బొత్తాం కాని బొత్తాలతో వచ్చింది. ఉబ్బెత్తుగా కనబడే బొమ్మొకటి అతికించి, "దీని మీద క్లిక్ చేస్తే ఫలానా పని చెయ్యి" అని రాసి ఊరుకుంటారు. చూపుకి అచ్చం బొత్తామే. కానీ మౌస్ పట్టుకోలేని మనిషి, చెయ్యి వణికే మనిషి, మీటల పలక మీద టాబ్ నొక్కుకుంటూ ఒక్కొక్క బొత్తాం దగ్గరికీ వెడుతుంటే ఇది మాత్రం దారిలో తగలదు. బొత్తాం వేషం కట్టింది గానీ బొత్తాం ధర్మం నేర్చుకోలేదు.

పెద్ద కంపెనీలేమీ దీనికి తీసిపోలేదు లెండి. 1999లో ఆపిల్ వారే క్విక్‌టైమ్ నాలుగో రూపాన్ని చేతిలో పట్టుకునే లోహపు పెట్టెలా తీర్చిదిద్దారు. ధ్వని పెంచడానికి పాత ట్రాన్సిస్టర్ రేడియోకి ఉండే పళ్ళ చక్రం బొమ్మ పెట్టారు. రేడియో చక్రాన్ని బొటనవేలితో తిప్పుతాం, హాయిగా ఉంటుంది. తెర మీద చక్రాన్ని మౌస్‌తో పట్టుకుని లాగాలి, వదలాలి, మళ్ళీ లాగాలి. మామూలు అడ్డగీత మీద ఒక్క జరుపుతో అయ్యే పనికి ఇంత తతంగం! బొమ్మ అందంగా లేదని ఎవరూ అనలేరు. వస్తువుని చూసి మురిసిపోయి, చెయ్యి చెయ్యాల్సిన పనిని మర్చిపోయారు. మన వంటింట్లో నగిషీ చెక్కిన గరిటె గోడకి వేలాడుతూ ఉండగా సాదా గరిటెతోనే పులుసు కలుపుకుంటాం చూడండి, అలాంటిది.

ఇక మాటల సంగతి. నాకు తగాదా అంతా ఇక్కడే.

బొమ్మ ఉంటే మాట అక్కర్లేదు, బొమ్మ విశ్వభాష అని గట్టిగా నమ్మేవాళ్ళున్నారు. మాక్‌పెయింట్‌లో పశువు మెడకి విసిరే ఉచ్చు తాడు బొమ్మ నొక్కితే బొమ్మలో కావలసిన భాగాన్ని చుట్టి పట్టుకోవచ్చు. గుర్రమెక్కి తాడు విసిరే కౌబాయ్ సినిమాలు చూసినవాడికి అది క్షణంలో బోధపడుతుంది. చూడనివాడికి అదొక మెలిక. ఉత్తరాలకి గుర్తుగా ఎర్ర జెండా ఉన్న అమెరికా పల్లెటూరి తపాలా డబ్బా పెడితే, గుండ్రటి ఎర్ర పోస్టుడబ్బా చూసి పెరిగిన మనం ఏమనుకోవాలి? వాళ్ళకి గుడ్లగూబ విజ్ఞానానికి గుర్తు. మనింట్లో పొద్దున్నే కంప్యూటరు తెరవగానే గుడ్లగూబ కనబడితే అత్తగారు ఆ పూట ప్రయాణం మానిపించగలరు. అంతెందుకు, అక్షరాలని లావు చెయ్యడానికి ఇంగ్లీషు వారు బొత్తాం మీద "బి" అని రాశారు. జర్మన్లు దాన్ని తీసేసి వాళ్ళ మాటకి తగ్గట్టు "ఎఫ్" పెట్టుకున్నారు, ఫ్రెంచివారు "జి" పెట్టుకున్నారు. బొమ్మలా కనబడ్డా అది మాటే అని వాళ్ళు గుర్తించారు.

మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన జెన్సెన్ హ్యారిస్ ఒక సంగతి రాశారు. ఉత్తరాల ప్రోగ్రాం అవుట్‌లుక్ తొలి రోజుల్లో పైన వరసగా పెట్టిన బొమ్మల బొత్తాలని మామూలు జనం పెద్దగా నొక్కలేదట. బొమ్మలు మార్చి చూశారు. చోట్లు మార్చి చూశారు. ఏం లాభం లేకపోయింది. చివరికి ముఖ్యమైన కొద్ది బొత్తాల పక్కన "జవాబు", "కొత్తది" లాంటి మాటలు రాశారు. అప్పుడు జనం నొక్కడం మొదలుపెట్టారు. బొమ్మ గీసినవారి శ్రమంతా ఒక ఎత్తు, పక్కన రాసిన రెండక్షరాలు ఒక ఎత్తు!

మా ఊళ్ళో ఒక ఆఫీసులో దీనికి సాక్ష్యం కళ్ళారా చూశాను. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి కంప్యూటరు తెర అంచు చుట్టూ చిన్న చిన్న కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. "రసీదు", "పాత లెక్క", ఒకదాని మీద ఎర్ర సిరాతో "ముట్టుకోవద్దు".

"ఏవిటమ్మా ఈ చీటీలు?" అన్నాను.

"బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయండీ. పళ్ళ చక్రం ఒకటి, పళ్ళ చక్రం మీద టిక్కు ఒకటి, పళ్ళ చక్రం పక్కన బాణం ఒకటి. చేరిన కొత్తలో మా మేడమ్ చెబుతుంటే రాసుకున్నాను. ఇప్పుడు వచ్చేశాయనుకోండి... అయినా తియ్యబుద్ధి కాదు" అని నవ్వింది.

ఆ ప్రోగ్రాం చేసినవారు తెర లోపల రాయవలసిన మాటలు ఆ పిల్ల తెర బయట రాసుకుంది. ఆ ఎర్ర సిరా చీటీ కన్నా ఘాటైన విమర్శ నేను రాయగలనా?

బాణం మీదికి వెడితే చిన్న పసుపు చీటీలో పేరు కనబడుతుంది కదా అంటారు. నిజమే, కనబడుతుంది. కానీ ఒక్కొక్క బొమ్మ మీదా ఆగి, చీటీ వచ్చేదాకా కాచుకుని, చదివి, ఇది కాదులే అని పక్కదానికి వెళ్ళడం... పప్పుల డబ్బాలన్నిటికీ ఒకే మూత పెట్టి ప్రతిదీ తీసి చూసుకోవడం లాంటిది. ఎదురుగా మనుషులు వరసలో నిలబడి ఉండగా ఎవరికి తీరుతుంది?

ఫ్లాపీ బొమ్మని మాత్రం నేను వెనకేసుకొస్తాను. సోనీ కంపెనీ 2011లో దాని అమ్మకం మానేసింది. ఇప్పటి పిల్లలు దాన్ని కంటితో చూడలేదు. అయినా "భద్రపరచు" అనే బొత్తాం మీద అదే ఉంది, ఇంకా ఎందుకండీ అని వెక్కిరిస్తారు. "అ" అనే అక్షరం ఏ వస్తువు బొమ్మ? ఏదీ కాదు. అయినా నేర్చుకున్నాం, చదువుతున్నాం. ఫ్లాపీ కూడా వస్తువుగా చచ్చిపోయి అక్షరంగా బతికింది. ఇంతమంది నేర్చుకున్నాక దాన్ని తీసేసి మేఘమో బాణమో పెట్టడం అనవసరపు ముచ్చట.

మన దేశంలో 1951-52 ఎన్నికల్లో చదువురాని వాళ్ళ కోసం అభ్యర్థులకి గుర్తులిచ్చి, ఆ గుర్తులు అతికించిన విడివిడి పెట్టెలు పెట్టారు. బొమ్మ చూసి పని చెయ్యడంలో మనకి చాలా అనుభవమే ఉందన్నమాట. అయినా ఇవాళ్టి ఓటింగ్ యంత్రం చూడండి. నీలం బొత్తాం పక్కన గుర్తు ఉంటుంది, దాంతోపాటు అభ్యర్థి పేరు ఉంటుంది, 2015 నుంచీ ఫోటో కూడా పెడుతున్నారు. చూపు లేనివాళ్ళు వేలితో తడిమి తెలుసుకోవడానికి బొత్తాం పక్కన బ్రెయిలీ అంకెలున్నాయి. అందంలో దానికి ఏ బహుమతీ రాదు. కానీ నా కొలబద్దతో కొలిస్తే లోహపు పెట్టె క్విక్‌టైమ్ కన్నా ఇదే ఎత్తు.

చూపు లేనివాళ్ళు కంప్యూటరు వాడతారా అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాడతారు, దాని మీదే ఉద్యోగాలూ చేస్తారు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే ఆయన, తనకీ చూపు లేదు, 2006లో ఎన్.వి.డి.ఎ. అనే అలాంటి ప్రోగ్రాం మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చారు. అది బొమ్మని చూడలేదు కదా! బొమ్మ వెనక ప్రోగ్రాం రాసినవారు పెట్టిన పేరుని మాత్రమే చదువుతుంది. "భద్రపరచు, బటన్" అంటుంది. "ముద్రించు, బటన్" అంటుంది. ఆ పేరు రాసే చోటు విజువల్ బేసిక్ కాలం దాటి వచ్చిన ఇవాళ్టి పనిముట్లలో చాలావాటిలో ఉంది. నాలుగు మొహాలూ గీసి, నీడలు దిద్ది, మూల గడి రంగు సరిచూసుకున్న మనిషికి, ఆ పేరు రాయడానికి అరనిమిషం చాలు. కంటికి కనబడదు కనక దాన్ని వదిలేస్తారు.

అప్పుడు అవతల కూచున్న మనిషి టాబ్ నొక్కుతూ వెడుతుంటే చెవిలో వినబడేది ఇది. "బటన్." మళ్ళీ నొక్కితే, "బటన్." మళ్ళీ, "బటన్." పదమూడు బొత్తాలుంటే పదమూడు సార్లు. వాటిల్లో ఒకటి పొద్దుటినుంచీ చేసిన పనిని భద్రపరిచేది, ఇంకొకటి తుడిచేసేది. ఏది ఏదో తెలియాలంటే నొక్కి చూడాల్సిందే.